ఆపరేషను గదిలోని పొగ

శస్త్రచికిత్స యనగానే మనకు కత్తి స్ఫురించును, నెత్తురు స్ఫురించును, మత్తుమందు స్ఫురించును. పొగ మాత్రము స్ఫురింపదు. నిప్పు లేనిచోట పొగ యెక్కడిదని కొంద రడుగవచ్చును. కాని ఆపరేషను గదిలో పదియేండ్లు పనిచేసిన ఏ నర్సునైనను అడిగి చూడుడు. వెంట్రుకలు కాలినట్లు, నూనె మాడినట్లు ఉండు ఒక కమురు వాసనను గూర్చి ఆమె చెప్పును. క్రొత్తగా చేరిన దినములలో ఆ వాసనకు కడుపులో త్రిప్పినదనియు, పిమ్మట అలవాటైపోయినదనియు చెప్పును. ముక్కు అలవాటు పడినంతమాత్రమున ఊపిరితిత్తులు కూడ అలవాటు పడినవని తలపరాదు. ఆ పొగ యేమి, అది యెవరి ఊపిరిలోనికి పోవుచున్నది, దానిని పట్టి బంధించు ఉపాయ మేమి అను విషయములను ఈ ప్రసంగమున విన్నవించెదను.

రోగి ఆ గదిలో ఒక్కనాడు, అదియు మత్తులో, గడపి వెళ్లిపోవును. శస్త్రవైద్యుడు, ఆయనకు ప్రక్కన నిలిచి పనిముట్లు అందించు నర్సు, తలవైపు కూర్చుండి మత్తుమందు నిచ్చు వైద్యుడు, దీపములను బల్లను సరిచేయు సాంకేతికుడు, నెత్తుటి గుడ్డలను ఎత్తివేయు ఆయా, వీరందరు మాత్రము మరునాడును అచ్చటనే ఉందురు, ఆ మరునాడును ఉందురు. కొందరు ఇరువది, ముప్పది సంవత్సరములు అదే గాలిని పీల్చుదురు.

ఇంతకును పొగ యెట్లు పుట్టుచున్నది? కాల్చి చికిత్స చేయుట మనకు క్రొత్త విద్య కాదు. సుశ్రుతసంహితలో అగ్నికర్మకు ప్రత్యేకముగ ఒక అధ్యాయమే కలదు. పచ్చకామెర్లకు ముంజేతిమీద వాత పెట్టు పల్లెటూరి యలవాటు ఆ విద్యకు పట్టిన భ్రష్టరూపమేమో యని నాకు తోచుచుండును. నవీనయుగమున ఇనుపకడ్డీ స్థానమును విద్యుచ్ఛక్తి ఆక్రమించినది. 1926వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున, పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో, మెదడు శస్త్రచికిత్సలో అగ్రగణ్యుడైన హార్వే కుషింగు ఒక రోగి తలపై పెరిగిన కంతిని తొలగించుటకు క్రొత్త యంత్రమొకటి ఉపయోగించెను. కొద్ది దినములకు ముందు అదే రోగికి ఆపరేషను మొదలుపెట్టి, నెత్తురు ఆగకుండుటచే ఆయన మధ్యలోనే విరమించుకొనవలసి వచ్చెను. ఈ మారు విలియం బోవీ యను శాస్త్రజ్ఞుడు నిర్మించిన విద్యుద్యంత్రము సహాయమున నెత్తురు కట్టుపడినది, కంతి తొలగినది. నేటికిని అనేక దేశములలో ఆ పరికరమును 'బోవీ' యనియే పిలుతురు. మన యాసుపత్రులలో దానికి 'కాటరీ' యని వాడుక. కాల్చిన తీగతో చేయు కాటరీ వేరు, విద్యుత్తును దేహముగుండ పంపు ఈ పద్ధతి వేరు అని శాస్త్రము తెలిసినవారు సవరింతురు గాని, వాడుక ముందు సవరణ నిలువదు.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. అది తగిలినచో కండరములు బిగిసికొనిపోవును, గుండె లయ తప్పును. కాని ఆవృత్తుల సంఖ్యను సెకనుకు లక్షకు మించునట్లు చేసినచో నరములును కండరములును దానికి స్పందింపవు. వేడి మాత్రము పుట్టును. కాటరీ యంత్రములు సామాన్యముగ సెకనుకు మూడు లక్షలు మొదలు అయిదు లక్షల ఆవృత్తులతో పనిచేయును. విద్యుత్తు కలమువంటి సాధనపు మొననుండి రోగి దేహములోనికి ప్రవేశించి, తొడ క్రిందనో వీపు క్రిందనో అంటించిన వెడల్పాటి పలకగుండ మరల యంత్రమునకు చేరును. పలక వెడల్పుగా నుండుటచే అచ్చట వేడి పుట్టదు. మొన సన్నగా నుండుటచే అచ్చట మాత్రము మాంసము భగ్గుమనును.

పేలాలు వేయించునప్పుడు ఏమి జరుగునో మీరెరుగుదురు. గింజలోని తడి ఆవిరియై, బయటికి త్రోవ లేక, గింజను ప్రేల్చును. మన దేహమందలి జీవకణములకు కాటరీ మొన వద్ద జరుగునదియు ఇంచుమించు ఇదియే. జీవకణములోని నీరు మరిగి, కణము పగిలి, అందలి పదార్థమంతయు ఆవిరితో కలిసి పైకెగయును. అందు కొంత మాడిపోవును, కొంత సగము కాలును, కొంత కాలకయే తుంపురులై లేచును. లేసరు కిరణములతో కోసినను, సెకనుకు ఏబదియైదు వేల మారులు కంపించు శబ్దతరంగపు కత్తెరతో కోసినను, ఏదో ఒక విధమైన పొగయో ఆవిరియో తప్పదు.

ఈ పొగలో నూటికి 95 పాళ్లు వట్టి నీటియావిరి. ఈ మాట విని కొందరు వైద్యులు తేలికగా నిట్టూర్చుదురు. ఇంటి పొయ్యి పొగలో కూడ కన్ను మండించు భాగము బహుస్వల్పమే. మిగిలిన అయిదు పాళ్లలో బెంజీను, టోలువీను, ఫార్మాల్డిహైడు, ఆక్రోలీను, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సయనైడు మొదలగు రసాయనములు కలవు. వీనిలో బెంజీనును ఫార్మాల్డిహైడును మానవులకు క్యాన్సరు కలిగించునవిగా శాస్త్రజ్ఞులు ఏనాడో నిర్ణయించిరి. వీనితోపాటు మాడిన మాంసపు రేణువులును, నెత్తుటి తుంపురులును, ఒక్కొక్కప్పుడు సూక్ష్మజీవులును ఆ పొగలో తేలుచుండును.

రేణువు ఎంత సన్ననిదైన అంత లోపలికి పోవును. మన తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కాటరీ పొగలోని రేణువుల సగటు కొలత 0.07 మైక్రాను, అనగా వెంట్రుక మందములో వెయ్యవ వంతు. లేసరు పొగలోనివి సగటున 0.31 మైక్రాను. శబ్దతరంగపు కత్తెర వెదజల్లునవి వీనికంటె పెద్దవి. రోడ్డుమీది దుమ్ములోని పెద్ద రేణువులను ముక్కులోని వెంట్రుకలును, గొంతులోని తడియును పట్టి ఆపును. తుమ్మియో దగ్గియో మనము వానిని వెలికి నెట్టుదుము. ఇంత సన్నని రేణువులు ఆ కావలిని దాటి ఊపిరితిత్తుల చివర గాలిబుడగల వరకు పోగలవు. అచ్చటనుండి వానిని వెలికి తెచ్చుటకు దగ్గు సాయపడదు.

ఈ విషయమున తరచుగ ఉదహరింపబడు ఒక పోలికను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1981లో జపాను దేశీయులగు పరిశోధకులు కుక్క నాలుక మాంసమును లేసరుతోను, కాటరీతోను కాల్చి, ఆ పొగను పట్టి, సూక్ష్మజీవులమీద ప్రయోగించి, వాని వంశబీజములను మార్చగల శక్తి అందు ఎంత కలదో కొలిచిరి. ఒక గ్రాము మాంసమును లేసరుతో కాల్చగా వచ్చిన పొగకు మూడు సిగరెట్ల పొగకు గల శక్తియు, కాటరీతో కాల్చగా వచ్చినదానికి ఆరు సిగరెట్ల పొగకు గల శక్తియు కలవని వారు తేల్చిరి. 2012లో బ్రిటను దేశమున ప్లాస్టిక్ సర్జరీ చేయు ఒక ఆపరేషను గదిలో కాటరీని రోజునకు ఎంతసేపు వాడుచున్నారో గడియారము పెట్టి చూడగా, సగటున పండ్రెండు, పదుమూడు నిమిషములు మాత్రమే అని తేలినది. అయినను పై లెక్క ప్రకారము ఆ గదిలో దినమునకు పుట్టిన పొగ 27 మొదలు 30 సిగరెట్లకు సమానమని వారు గణించిరి.

ఈ పోలిక వినుటకు భయంకరముగ నున్నది. అందుచేతనే అది పత్రికల కెక్కినది. కాని నర్సు దినమునకు ముప్పది సిగరెట్లు కాల్చుచున్నదని దీని యర్థము కాదు. అది గదిలో పుట్టిన మొత్తము పొగకు సంబంధించిన లెక్క. ఆ పొగలో కొంత గాలిమరలచే బయటికి పోవును, కొంత గోడల కంటును, కొంత నలుగురి ముక్కులలోనికి పంపకమగును. ప్రయోగము జరిగినదియు సూక్ష్మజీవులమీద, మానవులమీద కాదు. పొగ నిర్దోషి కాదని మాత్రము ఈ ప్రయోగము నిశ్చయముగ చెప్పుచున్నది. అంతకంటె ఎక్కువ దానిచేత చెప్పించుట న్యాయము కాదు.

సూక్ష్మజీవుల విషయము వేరు. అచ్చట పోలికలతో పనిలేదు, రోగుల కథలే కలవు. పులిపిరులు, గొంతులోని కంతులు మొదలగువానికి కారణమైన పాపిలోమా యను వైరస్ జాతి యొకటి కలదు. వీనిని లేసరుతో కాల్చుట పరిపాటి. 1988లో అమెరికాలోని పరిశోధకులు అట్టి చికిత్సలో లేచిన ఆవిరిని పట్టి పరీక్షింపగా ఆ వైరస్ యొక్క వంశబీజ పదార్థము అందు కనబడినది. 1991లో నార్వే దేశమునుండి ఒక సమాచారము వెలువడినది. నలువది నాలుగేండ్ల లేసరు వైద్యుడొకడు జననేంద్రియములవద్ద పులిపిరులు గల రోగులకు చికిత్స చేయుచుండెడివాడు. ఆయన స్వరపేటికలో కంతులు పుట్టినవి. పరీక్షింపగా అందున్న వైరస్ సామాన్యముగ అట్టి రోగుల పులిపిరులలో నుండు రకమే. 2003లో జర్మనీనుండి మరియొక సమాచారము. ఈ మారు రోగి వైద్యుడు కాడు. అట్టి ఆపరేషనులకు సహాయపడుచు వచ్చిన నర్సు. ఆమె గొంతులోని వ్యాధిని ఆ దేశమువారు వృత్తివలన వచ్చినదానిగా గుర్తించిరి. ఇట్టి కథలు ప్రపంచమంతట కలిపి చూచినను వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. కాని గొంతు బొంగురుపోయిన ప్రతి నర్సును నీవు ఏ గదిలో పనిచేయుచుంటివని అడిగినవా రెవరు?

ఇక ఊపిరితిత్తుల క్యాన్సరు మాట. అమెరికాలో అనేక వేలమంది నర్సుల ఆరోగ్యమును దశాబ్దముల తరబడి గమనించుచున్న ఒక గొప్ప పరిశోధన కలదు. అందు 86,000 మందికి పైగా నర్సుల వివరములను పరిశీలించి, ఆపరేషను గదిలో చాలకాలము పనిచేసినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు హెచ్చుగా వచ్చుచున్నట్లు కనబడలేదని 2007లో ప్రకటించిరి. ఇది సంతోషింపదగిన విషయము. దీనిని దాచి పొగను గూర్చి భయపెట్టువారు సత్యమునకు మేలు చేయుటలేదు. అయితే ఆ లెక్కలో ఎన్నేండ్లు ఆ గదిలో ఉండిరో చూచిరి గాని ఎంత పొగ పీల్చిరో కొలిచినవారు లేరు. కన్నుల మంట, తలనొప్పి, గొంతు గరగర, ఎడతెగని దగ్గు, ఉబ్బసము ఎక్కువగుట మున్నగువానికి ఆ లెక్కతో సంబంధము లేదు. ఈ బాధలను గూర్చి మాత్రము ఆపరేషను గదుల నర్సులు అనేక దేశములలో ఒకే మాట చెప్పుచున్నారు. క్యాన్సరు కానంతమాత్రమున దగ్గు దగ్గు కాకపోదు.

'వారు మాస్కు కట్టుకొనుచున్నారు గదా!' యని మీ రనవచ్చును. ఇది మిక్కిలి వ్యాపించిన భ్రమ. ఆపరేషను గదిలో కట్టుకొను సామాన్యమైన గుడ్డమాస్కు ధరించినవారి రక్షణకు పుట్టినది కాదు. వైద్యుని నోటి తుంపురులు రోగి గాయములో పడకుండుటకు పుట్టినది. దాని గుణము అయిదు మైక్రానుల ప్రాంతపు తుంపురులను ఆపుట. కాటరీ రేణువు అందులో డెబ్బదియవ వంతు. అంతేగాక మాస్కునకు ముఖమునకు నడుమ బుగ్గల వద్ద, ముక్కు ప్రక్కల సందులు ఉండనే యుండును. ఊపిరి పీల్చినప్పుడు గాలి సులభమైన త్రోవనే వెదకుకొనును. దోమతెర కట్టి, ఒక ప్రక్క ఎత్తి విడిచినట్లు! 2020లో కోవిడు మహమ్మారి వచ్చిన పిదప జనులందరికి పరిచితమైన ఎన్-95 మాస్కు దీనికంటె ఎంతయో మేలు. అది ముఖమునకు బిగువుగా అతుకుకొని, 0.3 మైక్రాను రేణువులలో నూటికి 95 వంతులను ఆపును. కాని బెంజీను, హైడ్రోజన్ సయనైడు వంటి వాయువులను అదియు ఆపలేదు. ఆరు గంటలు సాగు ఆపరేషనులో దానిని బిగించుకొని నిలుచుట యెట్టి శిక్షయో కట్టుకొన్నవారికి తెలియును.

మరి ఉపాయ మేమి? ఈ ప్రశ్నకు సమాధానము మన వంటయింటిలోనే కలదు. పచ్చికట్టెలతో పొయ్యి వెలిగించిన యిల్లాలు కన్నులు తుడుచుకొనుచు వంట చేయుచుండగా, ఆమెను రక్షించుటకు మూడు మార్గములు కలవు. ముక్కునకు పమిటచెంగు అడ్డము పెట్టుకొమ్మని చెప్పవచ్చును, అది మాస్కు. కిటికీ తెరువవచ్చును, ఆపరేషను గదిలో గంటకు పదునైదు, ఇరువది మారులు గాలిని మార్చు యంత్రములు చేయునది ఇదియే. కిటికీ తెరచినను పొగ ఆమె ముఖము మీదుగానే కిటికీని చేరును. మూడవది, పొయ్యికి నేరుగా పైన పొగగొట్టము కట్టుట. పొగ గదిలోనికి రాకముందే, ఆమె ముఖము నంటకముందే, పుట్టిన చోటనే పట్టుబడును. బుద్ధిగలవా డెవడును మొదటి రెండు మార్గములతో తృప్తిపడడు.

ఆపరేషను గదికి తగిన పొగగొట్టము ఏనాడో సిద్ధమైనది. దానిని పొగపీల్చు యంత్ర మనవచ్చును. కాటరీ మొన వద్ద ఒక గొట్టము నోరు ఉంచుదురు. గొట్టము యంత్రములోనికి పోవును. యంత్రములో మొదట పెద్ద తుంపురులను ఆపు వడపోత, పిమ్మట 0.12 మైక్రాను రేణువులలో లక్షకు ఒకటి తప్ప తక్కినవానినన్నిటిని పట్టగల మిక్కిలి సన్నని వడపోత, దానితోపాటు వాయువులను వాసనను పీల్చుకొను బొగ్గుపొడి ఉండును. శుద్ధియైన గాలి మరల గదిలోనికి వచ్చును. 1996లో అమెరికా ప్రభుత్వమునకు చెందిన వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ ఈ యంత్రమును వాడు పద్ధతిని సూచించుచు ప్రధానమైన మాట ఒకటి చెప్పినది: గొట్టము నోరు పొగ పుట్టుచోటికి రెండు అంగుళముల లోపల ఉండవలెను; అచ్చట గాలి నిమిషమునకు 100 మొదలు 150 అడుగుల వేగముతో లోనికి పోవుచుండవలెను.

రెండు అంగుళములే యేల? ఒక చిన్న పరీక్ష చేసి చూడుడు. వెలుగుచున్న దీపమును మూరెడు దూరమునుండి ఊది ఆర్పవచ్చును. అంత దూరమునుండి గాలి పీల్చి ఆర్పగలరా? ఊదినప్పుడు గాలి ఒకే దిక్కుగ ఈటెవలె పోవును. పీల్చినప్పుడు నలుదిక్కులనుండి వచ్చును; కావున దూరముగ నున్నదానిమీద దాని పట్టు దాదాపు శూన్యము. గొట్టము నోరు ఎంత వెడల్పో అంత దూరము జరుగునప్పటికే పీల్చు వేగము పదియవ వంతునకంటె తక్కువకు పడిపోవును. ఇది తెలియక, వేలకు వేలు పోసి కొన్న యంత్రమును గదిలో ఒక మూల ఆడించి, గొట్టమును జానెడు దూరమున బల్ల అంచునకు కట్టివేసి, 'మాకు యంత్రము కలదు' అని తృప్తిపడువారు కలరు. ఆ యంత్రము గదికి శోభ, ఊపిరికి కాదు. ఇటీవల కాటరీ కలమునకే గొట్టము అమర్చిన సాధనములు వచ్చినవి. చేయి యెటుపోయిన గొట్టము అటు పోవును. కాటరీ మీట నొక్కగానే యంత్రమును తనంతట తానే మొదలగును.

కడుపు చీల్చకుండ, సన్నని గొట్టములు గ్రుచ్చి, లోపలికి కెమెరా పంపి చేయు ఆపరేషనులలో పొగ మరియొక విధముగ బాధించును. అచ్చట కడుపును కార్బన్ డయాక్సైడుతో బుడగవలె ఉబ్బింతురు. పొగ లోపలనే పోగుపడును. కెమెరాకు చూపు మసకబారును. అప్పుడు వైద్యుడు గొట్టపు బిరడాను త్రిప్పి ఆ పొగను బుస్సున గదిలోనికి విడుచును. గంటసేపు మూతపెట్టిన కుండ మూత తీసి ప్రక్కనున్నవాని ముఖమునకు పెట్టుటవంటిదే ఇది. బిరడాకు చిన్న వడపోత తగిలించినచో చాలును. కోవిడు మొదలైన 2020లో, వైరస్ కూడ దానితో వచ్చునేమో యన్న భయమున, పెక్కు ఆసుపత్రులవారు ఈ జాగ్రత్తను గూర్చి తొలిసారిగా ఆలోచించిరి. నర్సుల దగ్గు చేయలేని పని ఆ భయము చేసినది.

యంత్రమున్న చోట్ల కూడ అది తరచుగ మూలబడి యుండుటకు కారణములు విచిత్రములు. అది చప్పుడు చేయుననునది ఒకటి. గొట్టమున్న కలము లావుగానుండి చేతికి నప్పదనునది మరియొకటి. వడపోతల ఖర్చు వేరొకటి. ఇవి కల్పితములు కావు, కాని అసలు కారణము వీనిక్రింద నున్నది. ఆపరేషను గదిలో ఏది నడువవలెనో, ఏది ఆగవలెనో నిర్ణయించునది శస్త్రవైద్యుడు. ఆయన వద్దన్నచో 'అయ్యా, నాకు ఊపిరి ఆడుటలేదు' అని చెప్పుటకు ఆ గదిలో నర్సునకు ధైర్యము చాలదు. ఆయాకు ఆ యూహయే రాదు. వైద్యుడును తన గాలినే పాడుచేసికొనుచున్నాడు. ఆయన ముఖమే పొగకు అందరికంటె దగ్గర. కాని ఆయన తనకు తాను అపాయము తెచ్చుకొను స్వాతంత్ర్యము గలవాడు. తక్కినవారు ఆ స్వాతంత్ర్యము లేకయే అపాయమును పంచుకొనుచున్నారు.

ఈ సందర్భమున ఒక పాతకథ జ్ఞప్తికి వచ్చుచున్నది. 1889–90 శీతకాలమున అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుని గదిలో కరొలిన్ హాంప్టన్ అను నర్సు పనిచేయుచుండెను. చేతులు కడుగుకొను పాదరసపు మందు ఆమెకు పడక, చర్మము పగిలి పుండ్లు పడజొచ్చెను. ఆమె పని మానవలసిన పరిస్థితి యేర్పడినది. హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీవారికి వ్రాసి, ఆమె చేతులకు పలుచని రబ్బరు తొడుగులు చేయించెను. మరుసటి యేట ఆయన ఆమెను పెండ్లాడెను గాని, అది మన కథకు అవసరము లేదు. ఆ తొడుగులు పుట్టినది రోగి మేలుకొరకు కాదు, ఒక నర్సు చేతుల మేలుకొరకు. వానివలన రోగుల గాయములు చీము పట్టుటయు తగ్గుచున్నదని తరువాత కొన్నేండ్లకు గాని గ్రహింపలేదు. నేడు రబ్బరు తొడుగు లేక కత్తి పట్టు వైద్యుని ఊహింపగలమా? వానికి ఖర్చగుచున్నదని గాని, వానితో వ్రేళ్లకు స్పర్శ తగ్గుచున్నదని గాని నేడెవ్వరును అనరు.

పొగ విషయమున చట్టము లిప్పు డిప్పుడే వచ్చుచున్నవి. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రము 2018లో, కొలరాడో రాష్ట్రము 2019లో, ఆసుపత్రులు ఆపరేషను గదిలోని పొగను పుట్టిన చోటనే తొలగింపవలెనని శాసించినవి. పిదప మరి పెక్కు రాష్ట్రము లా దారి పట్టినవి. ఆ శాసనములకై ఎక్కువగ పాటుపడినవారు అచ్చటి నర్సుల సంఘములవారే.

మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలో నేడు చిన్న పట్టణములోని నర్సింగు హోములో కూడ కాటరీ యంత్రము సామాన్యమైనది; పొగపీల్చు యంత్రము అంత సామాన్యము కాదు. డబ్బు చాలని చోట చేయదగిన పనులు లేకపోలేదు. పొగ కొంచెముగ వచ్చు చిన్న ఆపరేషనులలో, నెత్తురు పీల్చుటకు గోడకు అమర్చియుండు సక్షను గొట్టమునే, నడుమ ఒక చిన్న వడపోత తగిలించి, సహాయకుడు మొన వద్ద పట్టుకొని నిలిచినచో చాలవరకు పొగ పట్టుబడును. పొగ దట్టముగ వచ్చు పనికి దాని బలము చాలదు. వైద్యుడు పనికి చాలినంత తక్కువ శక్తిని వాడుట, మీటను ఎడతెగక నొక్కిపట్టక కొంచెము కొంచెముగ నొక్కుట, మొనకు అంటిన మాడును మాటిమాటికి తుడుచుట, వీనికి పైసా ఖర్చు లేదు. మాడు పట్టిన మొన, మాడు పట్టిన పెనమువలె, ఎక్కువ పొగ చిమ్మును. పులిపిరులు, వైరస్ కంతులు మొదలగువానిని కాల్చునప్పుడు మాత్రము ఎన్-95 మాస్కును పొగపీల్చు యంత్రమును రెండును ఉండవలెను. అచ్చట ఒకదానికి మారుగ మరియొకటి కాదు. ఆపరేషనుకు ముందు రోగి పేరు, చేయవలసిన భాగము సరిచూచుకొను వాడుక ఇప్పుడు మంచి ఆసుపత్రులన్నిటిలో కలదు. ఆ సమయముననే 'ఈపూట గొట్టము పట్టువా రెవరు?' అని కూడ ఒకరు అడిగినచో, ఆ మాట అనుటకు నర్సు ప్రత్యేకముగ ధైర్యము కూడగట్టుకొనవలసిన అగత్యము తప్పును.

చివరి పని ఆపరేషను ముగిసిన తరువాత జరుగును. పొగనంతటిని పట్టి దాచుకొన్న ఆ వడపోతను, ఆ గొట్టమును అంటువ్యాధి గల చెత్తగ ఎంచి, వేరుగ మూటకట్టి పంపవలెను. వైద్యుడు అప్పటికి చేతులు కడుగుకొని వెళ్లిపోయి యుండును. దానిని విప్పి తీయునది ఆయా. ఆ సమయమున ఆమె చేతులకు తొడుగులును ముఖమునకు మాస్కును కలవో లేవో, ఆ గది బాధ్యత వహించు నర్సు చూడవలెను.